కోడలు తెచ్చిన జుకినీలు

మద్రాసు చింతాద్రిపేటలో ఆ వీధి మొత్తానికీ అలమేలుమంగ పప్పూ కొబ్బరీ వేసి చేసే కూటు అంటే ఒక గౌరవం. ఏ కూరగాయనైనా బొటనవేలితో ఓసారి నొక్కి, ముక్కు దగ్గర పెట్టుకుని, "నువ్వు పులుసుకేలే" అని తేల్చేసే మనిషి. అలాంటిది ఆ ఆదివారం, ఖమ్మం నుంచి కొత్తగా కాపురానికొచ్చిన కోడలు సునయన సంచిలోంచి కీరదోసల్లా ఉండే జుకినీలు తీసి పెడితే నోరెత్తలేదు. పాపం, పిల్ల పుట్టింటి మీద బెంగపడి వాళ్ల ఊరి కాయ వెతికి తెచ్చుకుందనుకుంది. ఇదేమిటని అడిగితే చిన్నబుచ్చుకోదూ? వంటింటి తలుపు దగ్గరగా వేసి, కీరాకు చేసినట్టు కొన కోసి, చేదు నురుగు కోసం చెయ్యి నొప్పెట్టేదాకా రుద్దింది. నురుగు రాలేదు. బీరకాయలా గీకుదామంటే పైన ఈనెలు లేవు. సొరకాయలా గింజలు తీయబోతే సగం కాయ ఊడి చేతికొచ్చింది. చివరికి పెసరపప్పూ కొబ్బరీ వేసి దేవుడి మీద భారం పెట్టింది. మూత తీసేసరికి కాయంతా నీరుగారిపోయి ఉంది.

సునయన రెండు ముద్దలు తిని, గ్లాసెడు నీళ్లు తాగి, "మంచిగుంది అత్తమ్మా" అంది.

"మీ ఖమ్మంలో ఇట్లనేనామ్మా చేసేది?"

"ఖమ్మంలనా? నేను దీన్ని ఇక్కడికొచ్చినంకనే చూసిన. మీ మద్రాసు కాయ గదా, మీకిష్టమేమోనని తెచ్చిన."

అలమేలుమంగ కాసేపు గిన్నెలోకీ, కాసేపు కోడలి ముఖంలోకీ చూసింది.

"అయితే దీన్ని తినకుంటే నువ్వేం నొచ్చుకోవు గదా?"

"అయ్యో, లేదత్తమ్మా. మీరు?"

"నేనా! ఆ ఆవకాయ జాడీ ఇట్లా జరుపు, తల్లీ."