కొమురమ్మ వండిన కూర, వండని కూర

సారంగాపూర్ దిక్కున కలుపుకు పోయే ఆడవాళ్లలో కొమురమ్మ చెయ్యే చురుకు. కానీ వరి మడిలో నాలుగాకుల కూర కనబడితే ఆ చెయ్యి ఆగిపోతుంది. అందరూ కలుపు అని గట్టు మీదికి విసిరేసేదాన్ని ఈమె ఒడిలో మూట కట్టుకుంటుంది. ఆ మొక్క పువ్వు పూయదు, కాయ కాయదు. బురదలో పాకుతూ నీళ్ల మీద ఆకులు తేలేస్తుంది. పొద్దుగూకగానే నాలుగు రెక్కలూ ముడుచుకుంటుంది. తిన్న మనిషికీ అట్లాగే నిద్ర పడుతుందని కొమురమ్మ నమ్మకం. మందు కొట్టిన మడిలోది మాత్రం ముట్టదు, ఆపాటి తెలివి ఉంది.

మొన్న వానాకాలంలో కూతురు మంజుల తొలి కాన్పుకని కోరుట్ల నుంచి వచ్చింది. ఆ పిల్లకు కంటి మీద కునుకు లేదు. ఇంట్లో గొర్రె కూడా చూడిదే. కడుపుతో ఉన్నవాళ్లిద్దరినీ ఒక్కతీరుగా చూసుకోవాలనుకుంది కొమురమ్మ. తెచ్చిన ఆకులో పిడికెడు తీసి పప్పులో ఉడికించి కూతురికి పెట్టేది, మిగిలిందంతా పచ్చిగానే గొర్రెకు వేసేది. ముసురులో మేపడానికి తోలలేక దానికి రోజూ అదే మేత. మంజులకు హాయిగా నిద్ర పట్టింది. గొర్రె ఒకరోజు పొద్దున్నే తూలింది, పోయి తలను గోడకు ఆనించి నిలబడింది.

గొర్రెకు జబ్బు చేస్తే పశువుల డాక్టరును పిలవాలి కదా! ఈ మహాతల్లి నిద్రపోతున్న కూతుర్ని లేపి, ఆటో ఎక్కించి, జగిత్యాల దవాఖానకు తీసుకుపోయింది. ఒకే ఆకు ఇద్దరూ తిన్నారు, దానికొచ్చింది దీనికి రాదా అని భయం. తూలింది ఎవరని డాక్టరమ్మ అడిగితే గొర్రె అంది. ఆకు తిన్నది ఎవరంటే ఇద్దరూ అంది. అన్నీ చూసి, మంజుల బాగానే ఉందని పంపించారు. చెప్తుంటే నవ్వొస్తుంది గానీ, తిరిగొచ్చేటప్పుడు ఆటోలో కొమురమ్మ ఏడుపు విన్నవాళ్లెవరూ నవ్వలేదు.

సాయంత్రానికి పశువుల డాక్టరు ప్రకాశ్ వచ్చి గొర్రెకు సూది వేశాడు. అది ఫెర్న్ జాతి మొక్క అని, పచ్చిగా అదే పనిగా తింటే ఒంట్లో బీ వన్ విటమిన్ విరిగిపోయి మెదడు, చూపు దెబ్బతింటాయని, ఉడికిస్తే ఆ గుణం చాలావరకు పోతుందని చెప్పాడు. కొమురమ్మ అంతా విని తలూపింది.

"గదే ఆకు నా బిడ్డకు నిద్రనిచ్చి, గొర్రెకు గిట్లెందుకు చేసింది సారూ?" అని అడిగింది.

ఆయన పాపం మళ్లీ మొదటినుంచి చెప్పాడు. ఆమె మళ్లీ తలూపింది.

గొర్రె బతికింది. నడక కుదిరింది గానీ చూపు రాలేదు.

తర్వాత మంజులకు ఆడపిల్ల పుట్టింది. చుట్టూ ఉన్నవాళ్లు పోలికలు వెతుకుతుంటే కొమురమ్మ పసిదాని కళ్ల ముందు చెయ్యి ఆడించింది. అప్పుడే పుట్టిన పిల్లకు చూపు ఎక్కడ నిలుస్తుంది? కళ్లు ఆ చేతి వెంట కదల్లేదు. కొమురమ్మ మొహం పాలిపోయింది. అది ఎందుకో మంజులకు అర్థమైంది.

"అవ్వా, నాకు నువ్వు వండిపెట్టినవ్" అంది మెల్లగా.

"వండిన" అంది కొమురమ్మ. "మెత్తగ ఉడకబెట్టిన బిడ్డా."

అంటూనే చెయ్యి ఇంకా ఆడిస్తోంది. పసిది ఆ వేలు పట్టుకుంది. చూసి పట్టుకుందో, తగిలితే పట్టుకుందో కొమురమ్మకు తెలియలేదు. వేలు మాత్రం వెనక్కి తీసుకోలేదు.