దొర మోటారుకు మూడో తోలు

"...నా తోలును మాత్రం అనకు, ఇబ్రహీం సాబ్. మోటబొక్కెనకు కుట్టే తోలు ఇచ్చిన. ఏడాదంత బాయిల నానుతది, ఎద్దులు గుంజుతయి, ఇంత చిరుగు వడది. నీ చేతుల నెల నిలువకపాయె."

"మంచిదైతే ఎట్ల మాడింది మరి? నేనేమన్న అగ్గి వెట్టిన్నా?"

షెడ్డు వెనుక బావి దగ్గర మొహం కడుక్కుంటున్న డ్రైవరు యాకయ్యకు ఈ మాటలు వినబడ్డాయి. తోలు కోసి తెచ్చిన పాపయ్య గొంతు ఒకటి, మోటార్ల మిస్త్రీ ఇబ్రహీం గొంతు ఒకటి. యాకయ్య ఇంకో దోసెడు నీళ్లు మొహాన కొట్టుకున్నాడు. తన మాట ఎప్పుడు వస్తుందా అని చూశాడు. వచ్చింది.

"నా తోలూ మంచిదే, నీ రివిట్లూ మంచియే. ఇగ మిగిలింది నడిపెటోని కాలే" అన్నాడు పాపయ్య.

"గదే చూడాలె" అన్నాడు ఇబ్రహీం. ఆ మాటే యాకయ్యను ఎక్కువ భయపెట్టింది.

జనగామ స్టేషను బాటలోని ఆ షెడ్డులో ఎత్తి నిలబెట్టిన బండి దొరది. దొర తండ్రి హయాంలో కొన్నది. దాని క్లచ్ కూడా పాతకాలపుదే. ఇంజనుతో పాటు తిరిగే చక్రం లోపల గిన్నెలా తొలిచి ఉంటుంది. తోలు చుట్టిన మరో గిన్నె అందులోకి వెళ్లి బిగుసుకుంటుంది. పెడలు తొక్కితే రెండూ విడిపోతాయి, వదిలితే అతుక్కుని బండిని లాగుతాయి. తొక్కీ తొక్కనట్టు కాలు ఆనించి ఉంచితే ఒకదాన్నొకటి రాసుకుని తోలు మాడిపోతుంది. కంపెనీ తోలు దొరికే రోజులు కావవి. సంస్థానం సరిహద్దుల దగ్గర సామాను ఆగిపోయి, పట్నం బజారులోనే టైర్లు కరువైన ఏడాది. మానుకోటలో బస్సుల సేటు దగ్గర పని నేర్చుకునేటప్పుడు ఉస్తాదు ఊరి తోలుతో క్లచ్‌లు నడిపించడం ఇబ్రహీం చూశాడు. అందుకే పాపయ్యను పట్టుకున్నాడు. ఇప్పుడు వేస్తున్నది మూడో తోలు.

మొదటిది మాడినప్పుడు దొర ఏమీ అనలేదు. రెండోది మాడింది దొరలకు ఎదురుతిరిగిన సంఘం ఊళ్ల నడుమ. దొర, దొరసాని లోపల ఉండగా బండి ఊరి పొలిమేరలో ఆగిపోయింది. ఇంజను అరుస్తుందే తప్ప చక్రం కదలదు. చేలల్లో పనిచేసేవాళ్లు గట్ల మీదికి వచ్చి నిలబడ్డారు. ఒక్కరూ చెయ్యి చేసుకోలేదు, ఒక్క మాట అనలేదు. కానీ ఒక్కరూ దండం పెట్టలేదు. ఎద్దులు వచ్చి లాగేదాకా దొర వాళ్ల చూపుల మధ్య అలాగే కూర్చున్నాడు.

మరునాడు దొర గుమాస్తా యాకయ్యను పిలిచాడు. బండి ఇంకోసారి దారిలో ఆగిందంటే యాకయ్య సంఘంవాళ్లతో కూడబలుక్కున్నట్టే లెక్క అన్నాడు. పోలీసు క్యాంపుకు అప్పజెప్పమని దొర మాట. క్యాంపుకు పోయివచ్చిన చాకలి ముత్యం ఇప్పటికీ అన్నం నిలబడే తింటున్నాడు, కూర్చోలేడు. ఇవాళ్టికి ఎల్లుండి దొర కుటుంబం పెట్టెలతో సహా పట్నం పోతుంది. రైలెక్కితే స్టేషనులో నలుగురూ చూస్తారని దొరసాని మోటారే కావాలంది. అప్పటిదాకా యాకయ్య భార్య భూదేవి దొర ఉండే గడీలోనే ఉండి పిండి విసరాలట. ఆ చివరి మాటను గుమాస్తా ఏదో మామూలు పని పురమాయించినట్టు చెప్పాడు. ఎక్కడికైనా పోదామన్న ఆలోచన యాకయ్యకు అక్కడితో తెగిపోయింది. పోయినా ఎవరి దగ్గరికి? దొరకు అతను సంఘం మనిషిలా కనిపిస్తున్నాడు, సంఘానికి దొర మనిషిలా.

తోలును రెండు రోజులుగా ఆముదంలో నానబెట్టారు. ఎండు తోలైతే బండి ఎగిరి దూకుతుంది, ఆముదం తాగిన తోలైతే మెల్లగా పట్టుకుంటుంది. పాపయ్య దాన్ని తీసి, అరచేత్తో పిండి, మందం ఎక్కువైన చోట కత్తితో చెక్కాడు. ఇబ్రహీం గిన్నె చుట్టూ బిగలాగి, పెంబర్తి నుంచి తెప్పించిన రాగి ముక్కలతో రివిట్లు కొట్టాడు. రివిట్ల తలలు తోలులోకి దిగిపోవాలి, లేకపోతే ఇనుమును గీరుతాయి. ఒక్కో తల మీదా వేలు పెట్టి తడిమి చూశాడు. అంతా బిగించాక పెడలు కడ్డీకున్న మర తిప్పుతూ, తోలు కదలకముందు పెడలు ఒక వేలు మందం ఊరికే దిగేలా సరిచేశాడు.

"కూసో. తొక్కు. ఇగ వదులు" అన్నాడు.

యాకయ్య వదిలాడు.

"కాలు తియ్యి."

"తీసిన."

"తియ్యలే."

యాకయ్య కిందికి చూశాడు. కాలు పెడలు మీదే ఉంది. దొర ముందు చెప్పులు తొడిగేది లేదు గనుక అతను ఎప్పుడూ వట్టి కాళ్లతోనే నడుపుతాడు. అతని పాదం ఆనే చోట ఇనుము వెండిలా మెరుస్తోంది. ఇబ్రహీం ఆ మెరుపు మీద వేలితో కొట్టి, అతని మొహంలోకి చూశాడు.

అప్పుడు యాకయ్య చెప్పాడు. దొర బండి నడిపేవాడితో మాట్లాడడు. ఎద్దులు లాగే సవారి కచ్చురం రోజుల నుంచీ అంతే. వెనుక నుంచి చేతికర్రతో కుడి భుజం తడితే పొమ్మని, ఎడమ భుజం తడితే ఆపమని. యాకయ్య తండ్రి ఆ దెబ్బకు పగ్గం లాగేవాడు, ఎద్దులు ఆగేవి, ఏ నష్టమూ లేదు. మోటారు వచ్చాక అదే సీట్లోకి యాకయ్య వచ్చాడు, అదే కర్ర వెంట వచ్చింది. ఒకసారి ఆపడంలో కాస్త ఆలస్యమైతే రెండో దెబ్బ చెవి కింద పడింది. ఆ మచ్చ చూపించాడు. అప్పటి నుంచి కాలు దిగడం లేదన్నాడు.

ఇబ్రహీం బీడీ ముట్టించుకున్నాడు. మళ్లీ బండి కిందికి దూరి మర వదులు చేశాడు. ఒక వేలు సందు మూడు వేళ్లయింది. ఇప్పుడు కాలు ఆనించి ఉంచినా తోలుకు తగలదు. ఇంజను వేసి చూస్తే క్లచ్ పూర్తిగా విడిపోక గేరు పళ్లు కరకర కొరుక్కున్నాయి. ఆ చప్పుడు దొర వినకుండా ఉండడు, పళ్లు కూడా పట్నం దాకా మిగలవు. మిస్త్రీ మళ్లీ దూరి ఒక వేలికే తెచ్చాడు.

"నా చేతుల ఉన్నది గింతే" అన్నాడు లేచి. "సడక్ మీద చూద్దాం. పాపయ్యా, నువ్వు దొరవు. కర్ర వట్టుకుని ఎనుక కూసో."

పాపయ్య వెనక్కి జరిగాడు. "దొర కూసున్న కాడ నేను కూసుంటే నా తోలు గూడ ఇట్లనే నానవెడ్తరు."

"తోలు నీదే గద. నీ తోలు మీద నువ్వే సవారి చెయ్యి."

పాపయ్య మొదట వెనుక సీటు కింద కాళ్లు పెట్టుకునే చోట కూర్చున్నాడు. ఇబ్రహీం కసిరితే సీటు అంచుకు పైకి జరిగాడు. దొర కర్రకు బదులుగా తుమ్మబర్ర ఒకటి చేతికిచ్చారు.

పెంబర్తి దారిలో ఎత్తు ఎక్కే చోట పాపయ్య మెత్తగా ఎడమ భుజం తట్టాడు. బండి ఆగింది. కుడి భుజం తట్టాడు, కదిలింది. తరువాత చాలాదూరం తట్టనే లేదు. ఎత్తు సగం ఎక్కేసరికి ఆముదం దీపం ఆర్పినట్టు వాసన కొట్టింది. ఇబ్రహీం ఆపించి, నేల పలక ఎత్తి, తోలు అంచు తడిమాడు. వేలికి నల్లగా అంటింది.

"నేను కొట్టనే లేదు గదా, బిడ్డా" అన్నాడు పాపయ్య, తప్పు తనదైనట్టు.

"కొడ్తవని చూస్తున్న" అన్నాడు యాకయ్య.

అతని కాలును ఇబ్రహీం తాడుతో సీటుకు కట్టేస్తానన్నాడు గానీ తానే నవ్వలేదు. తోలు చల్లారేదాకా ముగ్గురూ బండి నీడలో కూర్చున్నారు. పాపయ్య బర్రను దూరంగా చేలోకి విసిరేసి వచ్చి సీటెక్కాడు. ఈసారి అంచున కాదు, లోపలికి జరిగి కూర్చున్నాడు.

"యాకయ్యా, పోనియ్యి" అన్నాడు.

బండి కదిలింది.

"గా తుమ్మ చెట్టు కాడ ఆపు. తొందర లేదు, మెల్లగ ఆపు."

చెట్టు దగ్గర ఆగింది. మళ్లీ పోనివ్వమన్నాడు. ముందు బండి వస్తుందన్నాడు, గుంత ఉందన్నాడు, ఊరికే ఏదో ఒకటి మాట్లాడుతూ పోయాడు. మిగిలిన ఎత్తు మొదట్లో యాకయ్య కాలు పెడలు మీదే ఉంది. కొంత ఎక్కాక కిందికి దిగి నేల పలక మీద ఆనింది. ఇంజను గొంతు మారింది. బండి ఎత్తు చివరిదాకా ఎక్కి అవతలికి దిగింది. ఇబ్రహీం వంగి వాసన చూశాడు. ఏమీ లేదు.

షెడ్డుకు వచ్చాక మిస్త్రీ మర వదులవకుండా దాని మీద ఇంకో మర బిగించి, చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. తోలు పట్నం పోయి రావడానికి బాగానే సరిపోతుందనీ, కాలు కింద ఉంటేనే సరిపోతుందనీ చెప్పాడు. పాపయ్య మిగిలిన తోలు ముక్కలు మూట కడుతూ భూదేవి సంగతి అడిగాడు. గడీలోనే ఉందన్నాడు యాకయ్య. అతను దొర కూర్చునే సీటు మీద పడిన దుమ్మును కండువాతో తుడిచాడు, పాపయ్య కూర్చున్న చోటు గుర్తు పోయేలా రెండోసారి తుడిచాడు. బండి తలుపు మూశాడు.

"మరి ఎట్ల, యాకయ్యా?" అన్నాడు ఇబ్రహీం.

"ఇయ్యాల్నే చెప్త. బండి అప్పజెప్పేటప్పుడే దొరకు చెప్త, కట్టె వద్దు, నోటితోని చెప్పుమని. కట్టె ఉంటే బండి తోవల ఆగుడే, ఆగితే క్యాంపే. దొర కాదంటే ఎల్లుండి బండి నేను నడ్ప."