నూట పన్నెండో పేజీలోని ఫోటో

జమ్మలమడుగులో ముప్పై రెండేళ్ళు సోషల్ పాఠం చెప్పి రిటైరైన రత్నమణి టీచరుకు ఒక అసంతృప్తి ఉండేది. పానిపట్టు యుద్ధాల తేదీలు గడగడా చెప్పే పిల్లలకు తమ ఊళ్ళో మొదటి కరెంటు దీపం ఏ వీధిలో వెలిగిందో తెలియదు. నిజానికి ఆ సంగతి ఆమెకూ తెలియదు. అందుకే పెన్షను మొదలైన ఏడాదే ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులల్లో ఇల్లిల్లూ తిరిగి పాత ఫోటోలు అడగడం మొదలుపెట్టింది. జనం బీరువాల్లోంచి, ట్రంకుపెట్టెల్లోంచి తీసి ఇచ్చారు. ఒకామె బియ్యం డబ్బా అడుగునుంచి తీసింది.

నాలుగేళ్ళలో పదకొండు వందల ఫోటోలు పోగయ్యాయి. తెల్ల టోపీలు పెట్టుకున్న మిషను ఆసుపత్రి నర్సులు, పెన్న వరదలో చిక్కుకున్న బస్సు, యురేనియం గని రాకముందు తుమ్మలపల్లె వేరుశెనగ చేలల్లో కలుపు తీస్తున్న ఆడవాళ్ళు. వాటిలోంచి రెండు వందలు ఏరి ‘మూడూళ్ళు, నూరేళ్ళు’ అని పుస్తకం వేయాలనుకుంది. ఫోటోలన్నిటినీ స్కాన్ చేసి పేజీలు కూర్చే పని ప్రొద్దుటూరులో స్టూడియో నడిపే తహసీన్ తీసుకుంది. తహసీన్ వాళ్ళ నాయన ఒకప్పుడు తిరునాళ్ళలో ఫోటోలు తీసేవాడు. ఆయన నెగటివులన్నీ కవర్లలో భద్రంగా ఉన్నాయి. ప్రతి కవరు మీదా ఊరూ తేదీ రాసి ఉన్నాయి.

పుస్తకం ప్రెస్సుకు పోవడానికి ఇంకా పది రోజులుందనగా తహసీన్ తన నాయన నెగటివుల్లోంచి కొత్తగా స్కాన్ చేసిన ఒక ఫోటో కంప్యూటర్లో చూపించింది. గండి ఆంజనేయస్వామి గుడికి వచ్చిన భక్తులు ఒక లారీ ముందు గుంపుగా నిలబడ్డారు. పాపఘ్నిలో మునిగి వచ్చిన తడి బట్టలు. నీడలు కాళ్ళ కిందే ఉన్నాయి, అంటే మిట్టమధ్యాహ్నం. బానెట్ మీద మోచెయ్యి ఆనించి లారీ డ్రైవరు నవ్వుతున్నాడు. అతని ఎడమచేతికి రెండు వేళ్ళు లేవు.

“శానా బాగొచ్చింది కదా టీచర్” అంది తహసీన్.

రత్నమణి కవరు అడిగి తీసుకుంది. ‘గండి, శ్రావణ శనివారం, 23-8-86’ అని ఉంది. ఆమె దాన్ని రెండుసార్లు చదివింది.

ఆ తేదీ ఆమె మరచిపోగలిగేది కాదు. ఆ రోజు మధ్యాహ్నం రెండు గంటలకు జమ్మలమడుగులో ఒక నూనె మిల్లు తగలబడి, లోపల నిద్రపోతున్న వాచ్‌మన్ కాలిపోయాడు. అంతకు వారం ముందు అతనితో గొడవపడ్డ లారీ డ్రైవరు మున్వర్‌ను పోలీసులు పట్టుకున్నారు. ఎడమచేతికి రెండు వేళ్ళు లేని ఆ మున్వర్‌ను ఊళ్ళో ఎరగనివాళ్ళు లేరు. తాను ఆ రోజు దువ్వూరు వాళ్ళను గండికి తీసుకుపోయానని మున్వర్ మొత్తుకున్నాడు. సరుకుల లారీలో మనుషులను ఎక్కించినందుకు కేసవుతుందని భయపడి, లారీ అసలు షెడ్డులోంచి కదల్లేదన్నాడు దాని యజమాని. దువ్వూరు వాళ్ళను వెతికినవాళ్ళు లేరు. మిల్లు గుమాస్తా మాత్రం కోర్టులో గట్టిగా చెప్పాడు. మున్వర్ పదకొండు గంటల నుంచి గేటు దగ్గరే తచ్చాడాడనీ, మంట లేవగానే పరిగెత్తాడనీ అన్నాడు. మున్వర్‌కు యావజ్జీవం పడింది. ఆరో ఏట జైల్లోనే క్షయతో పోయాడు.

ఆ గుమాస్తా యేసుబాబు. రత్నమణికి సొంత అన్న. తండ్రి పోయాక తన చదువు మానుకుని చెల్లెల్ని బి.ఇడి. దాకా చదివించినవాడు. ఇప్పుడు డెబ్బై మూడేళ్ళు, గుండెకు రెండు స్టెంట్లు. ఆమె ఇంటికి రెండిళ్ళ అవతలే ఉంటాడు. చర్చిలో పెద్ద.

ఆమె ఫోన్లో ఆ ఫోటో పెట్టుకుని నేరుగా అన్న ఇంటికే పోయింది. యేసుబాబు కళ్ళద్దాలు తుడుచుకుని చాలాసేపు చూశాడు.

“యాడ దొరికింది ఇది?”

“నువ్వు ఆ పొద్దు మున్వర్‌ను గేటు కాడ చూసినావా అన్నా?”

అతను ఫోను తిరిగి ఇచ్చేశాడు. “చూడలే. చెప్పమన్నారు, చెప్పినా. ఆ ఉద్యోగం పోయింటే నువ్వు టీచరయ్యేదానివా?”

తర్వాత మెల్లగా మిగతాది చెప్పాడు. ఇన్సూరెన్సు కోసం మిల్లు యజమానే అంటించాడు. లోపల మనిషి ఉన్నాడని ఎవరికీ తెలియదు. ఆ యజమాని చనిపోయి పదేళ్ళయింది. ఇప్పుడు తవ్వితే ఎవరికి లాభమని అడిగాడు.

రత్నమణి ఇంటికి వచ్చి, ఆ ఫోటో తీసేయమని తహసీన్‌కు ఫోన్ చేసింది. ముఖాలు సరిగా లేవని సాకు చెప్పింది. ముఖాలు స్పష్టంగానే ఉన్నాయని తహసీన్ అంది గానీ, తీసేసి అక్కడ పత్తి మార్కెట్ ఫోటో పెట్టింది.

రెండు రోజులు ఆమెకు అన్నం సయించలేదు. ఆదివారం చర్చిలో రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి ప్రభువు బల్ల దగ్గరికి అందరూ లేచి పోతుంటే యేసుబాబు కూర్చున్నచోటే ఉండిపోయాడు. ముప్పై ఏళ్ళలో అతను అలా ఉండిపోవడం ఎవరూ చూడలేదు. ఆమె కూడా లేవలేదు.

సోమవారం పొద్దున బస్సెక్కి ప్రొద్దుటూరు పోయి మున్వర్ భార్య ఖమ్రున్నీసా ఇల్లు వెతుక్కుంది. ఏం చెప్పాలో ఆమెకే తెలియదు. చీరలకు ఫాల్ కుట్టుకుంటున్న ముసలామె తలెత్తి చూసి, “మీరు యేసుబాబు చెల్లెలు కదా” అంది. అడుగు లోపల పెట్టాలో వద్దో తెలియక రత్నమణి గడపలోనే ఆగిపోయింది. కూర్చోమని ఖమ్రున్నీసా అనలేదు.

పాత ఫోటోల పుస్తకం వేస్తున్నానని, మీ ఆయన ఫోటో ఏదైనా ఉందా అని రత్నమణి అడిగింది. ఒకటే ఉండేదట. కేసప్పుడు పోలీసులు తీసుకుపోయి మళ్ళీ ఇవ్వలేదట. కూతురి పెళ్ళిలో తండ్రి ముఖం చూపించడానికి కూడా ఏమీ లేకపోయిందట. తాత ఎట్లుండేవాడని మనవరాలు అడిగితే చేత్తో గాలిలో ఎత్తు చూపిస్తుందట, అంతే.

రత్నమణి ఫోను తీసి ఆమె చేతిలో పెట్టింది.

ఖమ్రున్నీసా సూది పక్కన పెట్టింది. అద్దం మీద వేలు తగలకుండా ఫోను పట్టుకుని, “నవ్వుతాండాడు” అంది. ఎప్పటిదని అడిగింది. రత్నమణి తేదీ చెప్పింది.

“గండికి పోయినాడని కోర్టులో నేను చెప్తానే ఉన్నా. మీ అన్న నా పక్కనే నిలబడుకోని ఇన్యాడు.” ఆమె గొంతు పెరగలేదు. “దీన్ని పుస్తకంలో ఏస్తారా?”

“ఏస్తా” అంది రత్నమణి.

ఆ సాయంత్రమే ఫోటోను నూట పన్నెండో పేజీలో మళ్ళీ పెట్టమని తహసీన్‌కు చెప్పి, దాని కింద రాయాల్సింది రాసింది. తేదీ, చోటు, డ్రైవరు పేరు. ఆ రోజు అతను జమ్మలమడుగులో ఉన్నాడని సాక్ష్యం చెప్పింది ఈ పుస్తకం కూర్చిన రత్నమణి అన్న యేసుబాబు అనీ, ఆ సాక్ష్యం అబద్ధమనీ. రాసిన కాగితం అన్న ముందు పెట్టింది. అతను చదివి, “నేను చచ్చినాక ఏసుకో రత్నా” అన్నాడు.

“మున్వర్ భార్యకు డెబ్బై ఏండ్లు అన్నా. అంతవరకు ఆమె ఉంటాదా?”

అతను లేచి లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు.

మూడో రోజు మిల్లు యజమాని కొడుకు ఫోన్ చేశాడు. యేసన్న అంతా చెప్పినాడన్నాడు. మాట చాలా మర్యాదగా ఉంది. పాత ఫోటోల పుస్తకం జనం సంతోషంగా చూసుకోవాలనీ, వయసు మీదపడిన మనిషి ఒంటరిగా ఉంటూ ఇలాంటివి పెట్టుకోకూడదనీ అన్నాడు. అప్పటి నుంచి ఆమె వీధి చివర ఒక తెల్ల కారు పొద్దునొచ్చి సాయంత్రం దాకా ఆగి ఉండేది. అందులోంచి ఎవరూ దిగలేదు. తహసీన్ భయపడి పేజీలన్నీ మూడు పెన్‌డ్రైవుల్లో దాచింది.

అచ్చు రోజు రత్నమణి ప్రొద్దుటూరు ప్రెస్సులోనే కూర్చుంది. పదకొండింటికి ప్రెస్సు యజమాని సెల్లు మోగింది. అతను పక్కకు పోయి మాట్లాడి వచ్చి మిషను ఆపించాడు. ఆ ఒక్క పేజీ వద్దన్నాడు. తనకు ఇద్దరు ఆడపిల్లలున్నారనీ, ఈ ఊళ్ళోనే బతకాలనీ అన్నాడు. అతన్ని తప్పుపట్టడానికి ఆమెకు మనసు రాలేదు. తెల్లకాగితం అడిగి, ఆ పేజీలో ఉన్నదానికంతా తనదే బాధ్యత అని రాసి సంతకం పెట్టింది. అతను తీసుకోలేదు. కాగితం బల్ల మీదే ఉంది. పనివాళ్ళు చేతులు కట్టుకుని చూస్తున్నారు.

“ఇది నా అన్న పేరప్పా. నాకంటే ఎక్కువ పోయేది నీకేముంది?” అంది రత్నమణి.

అతను ఫ్యాను కింద నిలబడి, ఒకటికి రెండుసార్లు ఆ పేజీ చదివాడు. చివరికి కాగితం మడిచి జేబులో పెట్టుకుని మిషను వైపు చెయ్యి ఊపాడు.

ఆవిష్కరణ జమ్మలమడుగులో ఒక స్కూలు హాల్లో పెట్టుకున్నారు. ముందు వరుసలో ఖమ్రున్నీసా, ఆమె కూతురు, మనవరాలు. చివరి వరుసలో ఎవరికీ తెలియని ఇద్దరు మనుషులు చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డారు. రత్నమణి మైకు ముందు నూట పన్నెండో పేజీ చదువుతున్నంతసేపూ వాళ్ళనే చూసింది. చదవడం అయిపోయింది. ఆ ఇద్దరూ బల్ల దగ్గరికొచ్చి ఒక పుస్తకం కొనుక్కుని వెళ్ళిపోయారు. మర్నాటి నుంచి తెల్ల కారు కనిపించలేదు. ఎందుకొచ్చిందో, ఎందుకు పోయిందో ఎవరూ చెప్పలేదు.

మున్వర్ పేరు మీది మచ్చ చెరపమని హైకోర్టులో పిటిషను వేయడానికి తహసీన్ ఒక లాయరును మాట్లాడింది. మనిషి పోయాడు, నలభై ఏళ్ళ కేసు, నమ్మకం చెప్పలేనన్నాడాయన. ఖమ్రున్నీసా వేలిముద్ర వేసింది. అది ఇంకా విచారణకు రాలేదు.

యేసుబాబు ఆవిష్కరణకు రాలేదు. చర్చి పెద్దరికానికి చీటీ రాసిచ్చి మానుకున్నాడు. మూడు వారాల తర్వాత ఒక పొద్దున ఎవరికీ చెప్పకుండా ప్రొద్దుటూరు బస్సెక్కాడు. అక్కడ ఏం జరిగిందో రత్నమణికి ఖమ్రున్నీసా నోటినుంచే తెలిసింది, అదీ రెండు ముక్కలే.

“మన్నించమని అడిగినాడు. నా నోట ఆ మాట రాలేదు. మళ్ళా రమ్మన్నా.”

అతను ఇప్పటికి మూడుసార్లు పోయివచ్చాడు. చెల్లెలితో మాత్రం ఇంకా మాట్లాడటం లేదు.