బొట్టు పెట్టని మౌసు

ఆ రోజుల్లో, అంటే రెండువేల అయిదు ప్రాంతంలో, నాకు రెండు సంగతులు గట్టిగా తెలుసని అనుకునేవాణ్ణి. ఒకటి, కంప్యూటరంటే నల్ల తెర, దాని మీద తెల్ల అక్షరాలు. రెండు, మౌసు పట్టుకుని బొమ్మల మీద నొక్కేవాళ్ళకు కంప్యూటరు వచ్చినట్టు కాదు. (మొదటిది ఇప్పటికీ కొంతవరకు నిజమేనని నా నమ్మకం. ఈ గొడవంతా రెండోదాని గురించే.) కడపలో డిగ్రీ చదివేటప్పుడు ఒక పత్రికతోపాటు ఉచితంగా వచ్చిన సీడీలో నాకు లినక్సు దొరికింది. అందులోనూ రంగుల తెర, కిటికీలు, బొమ్మలు అన్నీ ఉన్నాయి. కానీ అవేవీ లేకుండా ఉత్త నల్ల తెర మీద మాటలు టైపు చేసి కూడా పని జరిపించవచ్చని తెలిశాక నాకు ఇంకేదీ కంటికి ఆనలేదు. ఆ కమాండ్లను ఎక్కాల మాదిరి బట్టీ పట్టాను. ఇంట్లో అమ్మ అన్నానికి పిలిస్తే "ఒక్క నిమిషం, కమాండు నడుస్తాంది" అనేవాణ్ణి. అది నడిచేది ఎక్కడికో అమ్మ ఎప్పుడూ అడగలేదు.

అలాంటి నాకు ఎర్రగుంట్లలో లారీ ఓనర్ల సంఘం ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. మూడు నెలలు చూస్తామనీ, నచ్చితే ఉంచుకుంటామనీ, లేకపోతే కడప బస్సు ఎక్కిస్తామనీ ప్రెసిడెంటు ముందే చెప్పాడు. అక్కడి పని చెప్పుకోవడానికి చిన్నదే. సిమెంటు ఫ్యాక్టరీలో ఏ లారీ తర్వాత ఏ లారీ లోడుకు పోవాలో వరస లిస్టు ఒకటి ఉంటుంది, దాన్ని అక్కడ సీరియల్ అంటారు. నిన్న లోడెత్తిన బండ్లు లిస్టు అడుక్కు పోతాయి, మిగిలినవి పైకి జరుగుతాయి. ఆ లిస్టు పొద్దున ఎనిమిదికల్లా ఫ్యాక్టరీ గేటులో ఇవ్వాలి. ఇరవై ఏళ్ళుగా దాన్ని ఒక నల్లబోర్డు మీద చాక్‌పీసుతో రాస్తూ వచ్చినాయన్ను అందరూ సీరియల్ మామ అనేవాళ్ళు. ఎవరో ఒక నంబరు తుడిపేసి తమ నంబరు రాసుకున్నారని కొట్లాట అయ్యాక, ఇక మీద ప్రింటు లిస్టు తప్ప చాక్‌పీసు లిస్టు చెల్లదని గేటువాళ్ళు తేల్చేశారు. అందుకే కంప్యూటరు వచ్చింది, దాని వెంట నేను వచ్చాను.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. నేను చేరిన వారంలోనే ఆ కంప్యూటరులో లినక్సు ఎక్కించి, ఆన్ చేస్తే నల్ల తెరే వచ్చేట్టు పెట్టాను. లోడెత్తిన బండ్లు ఎన్నో చెప్పి ఎంటర్ కొడితే అన్ని బండ్లూ అడుక్కు పోయి లిస్టు ప్రింటయ్యేట్టు ఒక ప్రోగ్రాము రాశాను. మౌసును పీకి పారేయలేదు గాని, దాని ఒంటిని టేబులు సొరుగులో పెట్టి తోక మాత్రం బయటికి వదిలాను. సీరియల్ మామకు నా మీద కోపం ఉంటుందని అనుకున్నాను. ఆయనకు నా మీద ఏమీ లేదు. రంగుల తెరలో పేకాట ఉందని ఎలా కనిపెట్టాడో గాని, ఆ తెర తెరిపించే మాటను నా భుజం మీదుగా చూసి తన పాత నల్లబోర్డు మూలన చాక్‌పీసుతో రాసి పెట్టుకున్నాడు. నేను టిఫినుకు లేవగానే "ఆ ఎలక ఇట్లియ్యప్పా" అనేవాడు. నేను సొరుగు లాగి ఇచ్చేవాణ్ణి. తిరిగి వచ్చేసరికి ఆయన కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చుకుని, ఎర్రముక్క మీద నల్లముక్క, నల్లముక్క మీద ఎర్రముక్క పేరుస్తూ ఉండేవాడు.

"మామా, మౌసుతో చేసేది పని కాదు, ఆట" అన్నాను ఒకసారి.

"నేను గూడా ఆటే గదప్పా ఆడుతాండేది" అన్నాడు ముక్క కదిలిస్తూ.

మూడో నెలలో దసరా వచ్చింది. లారీలవాళ్ళకు ఆయుధపూజ కంటే పెద్ద పండగ లేదు. ఆ రోజు బండ్లన్నీ కడిగి, అరటిపిలకలు కట్టి, చక్రాల ముందర గుమ్మడికాయలు కొట్టారు. ఆఫీసులో పాత స్టాపులరుతో సహా అన్నిటికీ బొట్లు పెట్టాక, పూజ చేయించే అయ్యవారు కంప్యూటరు దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. "నల్లతెరకు హారతి ఇయ్యగూడదప్పా, అశుభం" అన్నాడు. సీరియల్ మామ ఆ మాటకే కాచుకుని ఉన్నట్టు, ఒక డ్రైవరు తెచ్చిన భక్తిపాటల సీడీలోంచి ఆంజనేయస్వామి బొమ్మ తీసి రంగుల తెర నిండా పరిచాడు. సంజీవి కొండ ఎత్తుకున్న స్వామి వెలిగిపోతుంటే అందరూ దండం పెట్టుకున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

అప్పుడు ప్రెసిడెంటు అడిగాడు, "ఇందులో ఆయుధం ఏదప్పా? దేనికి పెట్టల్ల బొట్టు?"

సీరియల్ మామ మౌసును అరచేతిలో పెట్టుకుని ముందుకు వచ్చాడు. నేను ఊరుకుని ఉంటే సరిపోయేది. ఊరుకోలేదు. మౌసు ఆయుధం కాదనీ, చేతగానివాళ్ళ చేతికర్ర అనీ, అసలు ఆయుధం కీబోర్డేననీ, తెలిసినవాడికి అదొక్కటి చాలనీ చిన్న ఉపన్యాసం ఇచ్చాను. ప్రెసిడెంటు తల ఊపాడు. మామ మౌసును తీసుకుపోయి మళ్ళీ సొరుగులో పెట్టాడు. దానికి ఒక చిన్న చుక్క బొట్టు కూడా దక్కలేదు.

కీబోర్డుకు జరిగిన పూజ నేనింకా మరిచిపోలేదు. దాని మీద నూటికి పైగా మీటలు ఉంటాయి. అయ్యవారు ఒక్కదాన్నీ వదల్లేదు. ప్రతి మీటకు గంధం, గంధం మీద కుంకుమ, ఎంటరు పెద్దది కాబట్టి దానికి రెండు బొట్లు. ఆపైన ప్రెసిడెంటు టెంకాయ తీసుకుని, సరిగ్గా కీబోర్డుకు పైన, గుండ్రాయితో ఒక్క దెబ్బ కొట్టాడు. ఆ ఏడాది టెంకాయల్లో నీళ్ళు బాగా ఉన్నాయి. నేను చూస్తూనే ఉన్నాను. కానీ మూడు నెలలు నిండని ఉద్యోగి ప్రెసిడెంటు చేతిలోని టెంకాయను ఎలా ఆపుతాడు? అయ్యవారు పోతూ పోతూ, మరుసటి రోజు ఉద్వాసన చెప్పేదాకా స్వామిని కదిలించకూడదన్నాడు. అందువల్ల కంప్యూటరును అలాగే ఆపకుండా వదిలేసి పోయాం.

ఫ్యాక్టరీకి దసరా లేదు. పూజనాడు లోడింగు ఆపారు గాని, మరునాడు ఎనిమిదికి గేటు తెరుస్తారు. ఏడుంబావుకు వచ్చి కూర్చుని ఒక మీట నొక్కాను. అది దిగింది గాని పైకి రాలేదు. ఇంకొకటి నొక్కాను. అదీ అంతే. ఎంటరు మాత్రం రాయి మాదిరి బిగుసుకుంది. కీబోర్డును తిరగేసి కొడితే ఒళ్ళో చారెడు కుంకుమ రాలింది. తెర మీద ఆంజనేయస్వామి కొండ దించకుండా నా వైపే చూస్తున్నాడు. ఇంకో కీబోర్డు కావాలంటే ప్రొద్దుటూరు పోవాలి, పోయినా దసరా రోజు అంగళ్ళు తెరవరు. కిటికీ దగ్గర డ్రైవర్లు గుంపు కట్టారు.

"ఏమప్పా, లిస్టు ఇంగా రాల్యా?"

"వస్తాండాది."

"యాడుండాది?"

"లోపల తయారవుతాండాది" అన్నాను. అబద్ధమాడేటప్పుడు నా గొంతు సన్నగా అవుతుందని ఆ రోజే తెలిసింది. మూడు నెలల గడువుకు ఇంకా నాలుగు రోజులున్నాయి. నాకు వచ్చిన వందో, నూటయాభయ్యో కమాండ్లు వరసగా గుర్తుకొస్తున్నాయి, ఒక్కటీ చేతికి రావడం లేదు. కడప బస్సు ఎన్నింటికో లెక్కేసుకుంటూ కూర్చున్నాను. నిజం చెబుతున్నాను, ఏడుపొచ్చింది.

సీరియల్ మామ వచ్చాడు. కీబోర్డు చూశాడు, నా ఒళ్ళో కుంకుమ చూశాడు, కిటికీ చూశాడు. కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు.

"ఆ ఎలక ఇట్లియ్యప్పా" అన్నాడు.

సొరుగు లాగి ఇచ్చాను. ఆయన మొన్నటి లిస్టును బొమ్మ మీద నొక్కి తెరిచాడు. "పైన పద్నాలుగు లోడెత్తినాయి గదా? పై ముక్కలు తీసి అడుగునేస్తే సరిపాయె" అంటూ, పేకాటలో ముక్కలు లాగినట్టే పై పద్నాలుగు నంబర్లనూ మౌసుతో ఒత్తి పట్టి, కత్తిరించి, లిస్టు అడుగున అతికించాడు. తర్వాత వాటిలోంచి ఒక నంబరును మళ్ళీ పట్టుకుని పైకి తెచ్చాడు.

"ఇదెందుకు మామా?"

"వీని బండి మొన్న గేట్లోనే రేడియేటరు పగిలి నిలబడె. లోడెత్తలేదు. అడుక్కేస్తే పాపం, వాని వంతు పోతాది."

నా ప్రోగ్రాముకు రేడియేటర్ల సంగతి తెలియదు. నాకూ తెలియదు. మామ ప్రింటు బొమ్మ మీద ఒక్క నొక్కు నొక్కాడు. ప్రింటరు కర్రుకర్రుమంది. వరస నంబర్లు నా ప్రోగ్రాము వేసేది కాబట్టి వాటిని మామ పెన్నుతో వేసి, సంఘం సీలు కొట్టాడు. ఎనిమిదికి అయిదు నిమిషాలుండగా లిస్టు గేటుకు పోయింది.

అప్పుడే ప్రెసిడెంటు లోపలికి వచ్చాడు. "లిస్టు టయానికి పొయ్యిందంట. అంతా పూజ ఫలం. ఎవురు తీసినారు, నువ్వేనా?" అని నన్ను అడిగాడు. నేను నోరు తెరిచాను. నిజం చెప్పడానికే తెరిచానని ఇన్నాళ్ళూ అనుకుంటూ వచ్చాను గాని, గట్టిగా ఒట్టేసి చెప్పలేను.

మామ అందుకున్నాడు. "ఇంగెవురన్నా, మన కంప్యూటరు పిల్లోడే. కీబోర్డు గూడా తాకల్యా, తెలుసునా?"

ప్రెసిడెంటు నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. కీబోర్డు తాకకుండా లిస్టు తీసేవాడు జిల్లాలో ఇంకొకడు ఉండడని ఆ మధ్యాహ్నానికి ఎర్రగుంట్లంతా చెప్పాడు. నాలుగు రోజులు ఆగకుండా ఆ సాయంత్రమే ఉద్యోగం ఖాయం చేశాడు. ముద్దనూరు సంఘం వాళ్ళు నన్ను చూసిపోవడానికి ఇద్దర్ని పంపారు. (వాళ్ళు వచ్చినప్పుడు నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను. అంతకంటే ఏం చూపించాలో తెలియలేదు.)

వాళ్ళు పోయాక సిగ్గుతో మామను అడిగాను, ఎందుకట్లా చెప్పావని. ఆయన ముక్క మీద నుంచి కన్ను తీయలేదు. "నువ్వు పోతే ఈ డబ్బాను గూడా మూల పడేస్తారప్పా. మల్ల పేకాడేదానికి నాకు కంప్యూటరు యాడుంటాది?" అన్నాడు. అది నా మనసు తేలిక చేయడానికి అన్న మాటేనని అర్థం కావడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఆ సంఘంలో నాలుగేళ్ళు పని చేశాను. అసలు సంగతి ప్రెసిడెంటుకు ఒక్క రోజు కూడా చెప్పలేదు. ఇప్పుడు మామ లేడు. ప్రెసిడెంటుకు చెబుదామన్నా, పక్కన నిలబడి నవ్వి నా మాట కొట్టిపారేసే మనిషి లేడు.

నేనిప్పటికీ నల్లతెర మనిషినే. నా ల్యాప్‌టాప్‌కు మౌసుతో పని లేదు. అయినా ఒకటి కొని సొరుగులో పెట్టుకున్నాను. ఏటా ఆయుధపూజకు దాన్ని బయటికి తీసి, గంధం పెట్టి, కుంకుమ పెట్టి, మొదటి హారతి దానికే ఇస్తాను. (కీబోర్డుకు ఉత్త దండం మాత్రమే, అదీ దూరం నుంచి. టెంకాయ వీధిలో కొడతాను.) ఆ తర్వాత తలుపు దగ్గరికి వేసి, ఆ మౌసుతోనే ఒక ఆట పేకాట ఆడతాను. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆట పూర్తి చేయలేకపోయాను. పై ముక్క తీసి అడుగునేయడం పక్కన కూర్చుని చూసినంత సులభం కాదు.