సీటు చూసే పెద్దాయన

మా ఎదురు బడ్డీ పెద్దాయన పోయి పదిహేను రోజులైంది. ఆ కబురు నాకు చెప్పింది సైకిల్ మీద ఊళ్లు తిరిగి చేపలమ్మే మనిషి. పొద్దున్నే ఊడదీసిన సీటు ఒకటి చంకలో పెట్టుకుని నా షాపు మెట్ల మీద నిలబడ్డాడు. "పెద్దాయన పోనారండి బాబూ. ఇప్పుడే బడ్డీకాడ సెప్పినారు" అని కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. ఆ సీటు ఇలా ఇవ్వు, నేను చూస్తానన్నాను. ఇవ్వలేదు. "ఉండనీండి బాబూ, ఎలాగోలా తొక్కుకుంతాను" అని దాన్ని ఇంకాస్త గట్టిగా నొక్కుకుని వెళ్లిపోయాడు.

పోయిన మనిషి గురించి మంచి మాటలే రాయాలి. రాస్తాను. కానీ ఆ పొద్దున్న నాకు ముందుగా కలిగింది దుఃఖం కాదు, కుళ్లు. పోయాక కూడా ఆయనదే పైచెయ్యి అయిందనిపించింది.

రాజాంలో మా నాన్న కాలం నుంచీ మాది సైకిళ్ల షాపు. అద్దాల తలుపులు, గేర్ల సైకిళ్లు, గోడ నిండా రంగురంగుల సీట్లు. రోడ్డుకి అవతల పెద్దాయన బడ్డీలో ఉన్నవల్లా నాలుగు రేకులు, ఒక గాలి పంపు, ఒక తవుడు బస్తా. నా దగ్గర కొత్త సైకిల్ కొన్నవాడు దానికి నా షాపు ముందే కొబ్బరికాయ కొట్టి, బొట్టు పెట్టి, తొక్కకుండా నడిపించుకుంటూ నేరుగా రోడ్డు దాటేవాడు. పెద్దాయన సీటు చూస్తేగానీ ఎక్కేవాడు కాదు. ఇరవై ఏళ్లు ఇదే తంతు, నా కళ్ల ముందే. సైకిల్ నాది, నమ్మకం ఆయన మీద.

ఆయన సీటుని ముందు చూసేవారే కాదు. గొంతుక్కూర్చుని సగం గ్లాసు టీ తాగుతూ, "ఏటి మోస్తావు? ఎంత దూరం ఎల్తావు?" అని అడిగేవారు. ఆ తర్వాత తవుడు బస్తా చూపించి "కూకో" అనేవారు. మనిషి లేచాక బస్తా మీద రెండు గుంటలు పడేవి. వాటి మధ్య వేళ్లు పెట్టి కొలిచి, ఆ వెడల్పుకి సరిపోయే సీటు తీసి బిగించేవారు. ఇంత పని కోసం జనం వరస కట్టడమేమిటని నాకు మంట.

నా సీట్లంటే ఆయనకి చిన్నచూపని కూడా నా అనుమానం. ఒకసారి నా షాపుకొచ్చి, అన్నిటికన్నా ఖరీదైన జెల్ సీటు మీద బొటనవేలు నొక్కి చూశారు. వేలు సగం దాకా దిగిపోయింది. "ఇది పది నిమిషాల సుఖం సావుకారూ" అన్నారు. "మెత్తన అడుక్కి దిగిపోతాది. దిగినాక మద్దెన లెగిసి గుచ్చుతాది. ఎక్కినప్పుడు అందరూ నవ్వుతారు, దిగినప్పుడు మొకం సూడాల." నాలుగు బేరాలు ఉన్న వేళ, నలుగురి ఎదుట అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

మర్నాడే మిల్లు నుంచి ఒక తవుడు బస్తా తెప్పించి షాపు మధ్యలో వేయించాను. ఆయనదానికన్నా పెద్దది. మొదట దొరికిన మనిషి ఈ చేపలాయనే. కూర్చోబెట్టాను, గుంటలు టేపుతో కొలిచాను, స్ప్రింగులున్న వెడల్పాటి సీటు బిగించి పంపాను. మూడో రోజుకి కాళ్లు ఎడంగా పెట్టి నడుస్తూ వచ్చాడు. తొడలు ఒరుసుకుపోయి రెండు రోజులు ఊళ్ల మీదకి వెళ్లలేకపోయాడట. నన్ను ఒక్క మాట కూడా అనకుండా రోడ్డు దాటాడు. అని ఉంటే బాగుండేది.

పెద్దాయన అతన్ని అడిగింది ఒక్కటే. "పెట్టె ఎక్కడ కడతావురా?" సీటుకి ఆనుకునే కడతాడు. చేపల పెట్టె వెనక నుంచి నెడుతుంటే మనిషి ఎప్పుడూ సీటు ముందు భాగం మీదే కూర్చుంటాడు. వెనక ఎంత వెడల్పుంటే ఏం లాభం? ముందు సన్నగా ఉండాలి. మోసేదేమిటని అడగాలన్న సంగతే నాకు తట్టలేదు. బస్తా ఒక్కటి చూశాను, అది నాకూ దొరుకుతుంది కదా అనుకున్నాను.

పెద్దాయన నవ్వలేదు. రోడ్డవతల నుంచే చెయ్యూపి పిలిచారు. "రా సావుకారూ, రోజూ ఓ గంట కూకో. నేర్పుతాను. నాకేటి, కట్టుకుపోతానా?" నేను వినబడనట్టు లోపలికి వెళ్లి, లెక్కపెట్టిన బోల్టులే మళ్లీ లెక్కపెట్టాను. ఆ తర్వాత కూడా రెండు మూడుసార్లు పిలిచారు. పని ఉందన్నాను. ఆ విద్య నాకు రాకుండా పోయింది నా తలబిరుసు వల్లే. ఈ మాట ఆయన ఉండగా చెప్పి ఉండాల్సింది.

పెద్దకర్మ నాడు వాళ్ల ఇంటికి వెళ్లాను. సందు పొడుగునా సైకిళ్లే. ఇంటి లోపలికి వెళ్లకుండా నేను సీట్లు చూస్తూ నిలబడ్డాను. సన్నవి, వెడల్పువి, ముక్కు కిందకి వంచినవి. సగం సైకిళ్లు నేను అమ్మినవే, సీటు ఒక్కటీ నాది కాదు. చివర్న మా అమ్మాయి సైకిల్ ఉంది. డిగ్రీ చదువుతోంది, రోజూ దాని మీదే కాలేజీకి వెళ్తుంది. కూతురు కదా అని షాపులో అన్నిటికన్నా మంచి జెల్ సీటు నేనే బిగించాను. ఎలా ఉందమ్మా అంటే బాగుంది నాన్నా అనేది. మా అమ్మాయి కూడా ఇదే వాడుతోందని చెప్పి ఆ రకం ఎన్ని అమ్మానో.

పొద్దుటి వానకి తడిసిన సీటు కవరు తీసి హ్యాండిల్ మీద ఆరేసింది. నా షాపు పేరున్న కవరే. దాని కింద ఉన్నది మాత్రం నా సీటు కాదు.

అమ్మాయి బయటికొచ్చి నన్ను చూసి ఆగిపోయింది.

"ఎప్పుడు మార్పించావే?"

"పోయినేడు నాన్నా. నడుం లాగీసేది. నీకు సెప్తే బాధపడతావని..." ఆరేసిన కవరు కేసి చూస్తూ అంది, "పైన మన కవరే తొడుక్కోమని తాతే సెప్పాడు. మీ నాన్నకి తెలిస్తే సిన్నబోతాడు, సెప్పకు అన్నాడు."

ఏడాదిగా నా కూతురు నొప్పి లేకుండా కాలేజీకి వెళ్లొస్తోంది. నాకు తెలియదు. ఆయనకి తెలుసు. తెలిసి, రోజూ రోడ్డవతల నుంచి నన్ను చూసి ఎప్పటిలాగే తలూపారు. నేను అంతగా కుళ్లుకున్న మనిషే నా పరువు కాపాడారు. కృతజ్ఞత పొంగుకొచ్చింది, నిజమే. కానీ దానికన్నా ముందు కుళ్లే వచ్చింది. నా పిల్ల నడుం నొప్పి నాతో చెప్పుకోకుండా ఆయనతో చెప్పుకుంది.

"కోపమా నాన్నా?" అంది. లేదన్నాను. కవరు ఇంకా తడిగానే ఉంది, ఇంక తొడగక్కర్లేదని దాన్ని నా జేబులో పెట్టుకున్నాను. ఆమె సైకిలెక్కి, బురద తప్పించుకుంటూ వెళ్లింది. సందు చివర మలుపు తిరిగేదాకా చూస్తూనే ఉన్నాను. ఒక్కసారి కూడా సీటు మీద సర్దుకోలేదు.