కర్నూలు ప్రెస్సుకు రమ్మన్నప్పుడు

1954వ సంవత్సరం. కర్నూలు రాజధాని అయిన కొత్త. అక్కడ ఆఫీసులు డేరాల్లో నడుస్తున్నాయని, ఏ పనివాడికైనా గిరాకీ ఉందని కడపలో చెప్పుకునేవాళ్ళు. నాకు ఆ గోల పట్టలేదు. నేను కడపలో ఓబుళరెడ్డి గారి ప్రెస్సులో కంపోజిటరును. అంటే సీసపు అక్షరాలను ఒక్కొక్కటే ఏరి, స్టిక్ అనే చిన్న ఇనుప పట్టీలో వరసగా పేర్చేవాణ్ణి. తెలుగులో గుణింతాలు, ఒత్తులు ఒకటా రెండా! అవన్నీ ఉండే గళ్ళ పెట్టెను కేసు అంటారు. రెడ్డి గారిది ఎడమచేతి వాటం. కేసంతా తన వీలు చూసుకుని సర్దుకున్నారు, నేనూ అట్లాగే నేర్చుకున్నాను. రాజంపేట నుంచి ఏమీ తెలియకుండా వచ్చిన నాకు ఆయనే పని నేర్పారు, బాడుగకు ఇల్లు చూశారు, నా పెండ్లికి పెద్దగా నిలబడ్డారు. ఇంకేం కావాలి?

ఒకరోజు ఒక పెద్దమనిషి శుభలేఖ అచ్చు వేయించాలని వచ్చాడు. పని అప్పజెప్పి పోకుండా, నా పక్కనే నిలబడి నా వేళ్ళ వైపే చూస్తూ ఉండిపోయాడు. నాకు చిరాకెత్తింది. సాయంత్రం బయటికి రాగానే టీ అంగడి దగ్గర పట్టుకున్నాడు.

"నా పేరు మాధవరావు. కర్నూల్లో కొత్త ప్రెస్సు పెట్టినాం, నేను మేనేజరును. శుభలేఖ ఒట్టి సాకు లేప్పా, నీ పని చూసిపోదామని వచ్చినా. ఈడ ఇచ్చేదానికి రెండింతలిస్తాం. వస్తావా?"

రానంటే అయిపోయేది. ఆ ముక్క నోటిదాకా వచ్చి ఆగిపోయింది. నన్ను వెతుక్కుంటూ ఇంతదూరం వచ్చాడే అని గర్వమేసింది, గర్వమేసినందుకు మళ్ళీ భయమేసింది. "రెండు దినాలు టైమియ్యన్నా" అన్నాను. ఎందుకన్నానో దేవుడికే తెలియాలి!

ఇంట్లో నా భార్య లక్ష్మమ్మ అన్నం వడ్డిస్తూ అంతా విన్నది.

"ఈడ నీకేం తక్కువైంది?"

"ఏమీ లేదు."

"అయితే పోవద్దులే."

"రెండింతలంట..."

"అయితే పోదాం పా."

"ఈడ బాగుండాం కదే!"

"ఏందయ్యా నీ గోల! ముందు తిను" అని విసుక్కుని లోపలికి పోయింది.

ఏ సంగతైనా రెడ్డి గారిని అడగడం నాకు అలవాటు. ఇల్లు మారాలన్నా, బిడ్డకు పేరు పెట్టాలన్నా ఆయన్నే అడిగేవాణ్ణి. మా వైపు పనివాళ్ళ పద్ధతే అది, జీతమిచ్చే మనిషే పెద్దదిక్కు. మరుసటి రోజు నేరుగా పోయి, "అయ్యా, కర్నూలు ప్రెస్సుకు రమ్మంటాండారు. ఏం చేయమంటారు?" అని అడిగాను. ఇంతకంటే తిక్కపని ఉంటుందా? ఆయన్ని వదిలి పోవాలా వద్దా అని ఆయన్నే అడగడం! అప్పుడు నాకది తప్పుగా తోచలేదు. "యాడికి పోతావురా, ఉండు" అంటారని ఎదురుచూస్తూ నిలబడ్డాను.

ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "మంచిదేనప్పా. బాగుపడతావు, పో" అన్నారు.

పొమ్మంటున్నారా! నేనేం తప్పు చేశాను? ఆ పూటంతా ఒక అక్షరం పేర్చబోయి ఇంకోటి పేర్చాను. తప్పులు చూసుకోవడానికి తీసే మొదటి అచ్చును ప్రూఫు అంటాం. ఆ ప్రూఫు నిండా దిద్దుబాట్లే. అదివరకైతే చెవి మెలేసేవారు. ఆరోజు ప్రూఫు నా ముందు పెట్టి పోయారు.

గడువు కాగానే మాధవరావు ఈసారి ప్రెస్సుకే వచ్చాడు. నేను నోరు తెరిచేలోపే రెడ్డి గారు, "తీసకపోప్పా. మావాణ్ణి బాగా చూసుకోండి" అని మాట ఇచ్చేశారు, పిల్లను అత్తారింటికి పంపినట్టు. ఒకాయన రమ్మంటాడు, ఒకాయన పొమ్మంటారు. నాకు మాత్రం అంతా అయోమయంగా ఉంది.

ఇంట్లోవాళ్ళను తర్వాత తీసుకుపోవచ్చని, మరుసటి పొద్దున నేనొక్కణ్ణే రేకు పెట్టె పట్టుకుని బస్టాండుకు పోయాను. మాధవరావు నా మొగం చూసి, "ఏమప్పా, ఇష్టం లేదా?" అన్నాడు.

ఆ మాటకోసమే కాచుకున్నట్టు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "లేదన్నా. నేనీడ శానా బాగుండా."

"మరి మొన్ననే చెప్పేదానికేం?"

"మొన్న నువ్వు వస్తావా అంటివి. ఇష్టమేనా అని ఎవరూ అడగల్యా."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "భలే తిక్కోడివప్పా! పో, మీ రెడ్డి దగ్గరికే పో" అని బస్సెక్కాడు.

నేను ప్రెస్సుకు చేరేసరికి రెడ్డి గారే స్టిక్ పట్టుకుని నా చోట నిలబడి ఉన్నారు. నన్ను చూసి కస్సుమన్నారు.

"ఎందుకొచ్చినావురా? నేనిచ్చిన మాట ఏం కావాల?"

"నేను పోనయ్యా."

"పోవాలనే కదా నన్ను అడిగింది?"

"మీరు వద్దంటారని అడిగితినయ్యా."

ఆయన గొంతు తగ్గించారు. "వద్దంటే నీ కూటికి అడ్డంపడినట్టు అయితాదని నోరు మూసుకుంటి. నువ్వు అడిగినకాడ్నుంచి నాకు ముద్ద దిగల్యా" అంటూ స్టిక్ నా చేతిలో పెట్టి పక్కకు జరిగారు. నేను గట్టిగానే ఏడ్చేశాను.

తర్వాత చాలా ఏళ్ళు అదే ప్రెస్సులో నేను పెద్ద కంపోజిటరుగా ఉన్నాను. నా చేతికింది వాళ్ళకూ బయటి పిలుపులు వచ్చేవి, వాళ్ళూ సలహాకు నా దగ్గరికే వచ్చేవాళ్ళు. నేను ముందు ఒక్కటే అడిగేవాణ్ణి: "పోవాలని ఉండాదా, ఆపమని వచ్చినావా?" సగం మందికి జవాబు తెలిసేది కాదు, తల వంచుకుని నిలబడేవాళ్ళు. అట్లాంటి వాళ్ళకు "ఉండప్పా" అని నా నోటితో నేనే చెప్పేవాణ్ణి.