రాహుకాలంలో హాలండ్ ఒప్పందం

మూఢనమ్మకాలకు ఉమ్మడి పాలమూరులో అందరికంటే ఎక్కువ సేవ చేసిన మనిషి ఎవరని అడిగితే పూజారుల పేర్లూ, జ్యోతిష్యుల పేర్లూ చెప్పకండి. నా పేరు చెప్పండి. ఏళ్ల తరబడి ఊరూరా ఉపన్యాసాలిచ్చి నేను చెమటోడ్చి కూల్చిన ఆ నమ్మకాల గోడను ఒక్క మధ్యాహ్నంలో నేనే మళ్లీ కట్టాను. అదీ సిమెంటు వేసి.

అప్పుడు వనపర్తిలో ఒక కళాశాలలో ఎంబీఏ పిల్లలకు అంతర్జాతీయ వ్యాపారం చెబుతున్నాను. మా పిల్లలు ఎగుమతుల గురించి పుస్తకాల్లో చదవడమే తప్ప ఒక్క కంటైనర్‌నైనా దగ్గరగా చూసినవాళ్లు కారు. ఈ గతి మార్చాలని మూడు పక్షాలను కలిపే పని నెత్తికెత్తుకున్నాను. ఒకటి మా కళాశాల, రెండోది హాలండ్‌లోని ఒక విశ్వవిద్యాలయం, మూడో పక్షం గద్వాల నుంచి విదేశాలకు పల్లీలు పంపే బాలయ్య సేట్. మా పిల్లలు సేట్ కంపెనీలో పని నేర్చుకుంటూ, హాలండ్ విద్యార్థులతో కలిసి ప్రాజెక్టు చేయాలన్నది ఒప్పందం.

గద్వాల దగ్గరి గట్టు అనే ఊరి నుంచి వచ్చే మా విద్యార్థిని నస్రీన్‌కు ఇది మిగతావాళ్లందరికంటే ముఖ్యం. "హైదరాబాదుల హాస్టల్‌కు పెట్టే తాకతు నాకు లేదు బేటా. గద్వాలల దొరికితె చెయ్యి, లేకపోతె చదువు బంద్" అని వాళ్ల నాన్న చెప్పేశాడట.

హాలండ్ ప్రొఫెసరమ్మ అక్టోబరు చివరి రోజుల్లో ఏ రోజైనా సరే తమ పదకొండు గంటలకు వీడియో కాల్‌లో, తెర మీద కలిసి సంతకం పెడతానన్నది. వాళ్ల పదకొండంటే మనకు రెండున్నర. నా ఒళ్లు పులకరించింది. గురువారం ఒకటిన్నర నుంచి మూడు దాకా రాహుకాలం. గురువారమే ఖాయం చేశాను. ఒప్పందం ఊరికే కుదిరితే అందులో మజా ఏముంది? రాహువు నెత్తి మీద కూర్చుని కుదరాలి.

సేట్ ఫోన్ చేశాడు.

"సార్, అది రాహుకాలం గదా. జర మూడు దాటినంక పెట్టున్రి."

"రాహువనే గ్రహమే లేదు సేట్."

"గ్రహం లేకపోతె ఏంది, కాలమైతె ఉన్నది గద."

"హాలండ్ వాళ్లు రాహుకాలం చూస్తారా? వాళ్లు బాగుపడలేదా?"

"కంటైనర్ పంపేది నేను సార్. మునిగితె నాది మునుగుతది, వాళ్లది గాదు. పిల్లల మొకం చూసి వస్త. సంతకం సంగతి ఆడికొచ్చినంక చూద్దం."

తర్కం తెలిసిన ప్రత్యర్థి దొరికితే నాకు పూనకమే. పూనకాలను నమ్మని నాకు.

గురువారం హాలు నిండింది. సేట్ ముందు వరసలో కూర్చున్నాడు. రెండున్నరకు అయిదు నిమిషాల ముందు మైకు అందుకున్నాను. "కాలానికి మంచీ లేదు, చెడూ లేదు. గంట అంటే గంటే. దండం పెడితే ముందుకు జరగదు, తిడితే వెనక్కి జరగదు. ప్రపంచంలో ఏ దేశానికి పోయినా ఇంతే." చప్పట్లు మోగాయి. విజేతలా చేయి చాచి తెర వైపు తిరిగాను. తెర కడిగిన పలకలా ఉంది.

అయిదు నిమిషాలు. పది నిమిషాలు. ప్రొఫెసరమ్మ ఫోన్ ఆపేసి ఉంది.

"రాహువు లేడంటిరి" అన్నాడు సేట్. "మరి ఆమె ఏడుంది సార్?"

"నెట్‌వర్క్ సమస్య."

"ఆ నెట్‌వర్క్ గూడ రాహువు చేతుల ఉన్నదా ఏంది?"

హాలంతా ఘొల్లుమంది. మూడుకు పది నిమిషాలుండగా సేట్ కండువా సర్దుకుని లేచి, డ్రైవర్‌కు సైగ చేశాడు. నస్రీన్ ముఖం పాలిపోయింది. ఆ ముఖం చూడగానే నా బుర్రలోని విజ్ఞానశాస్త్రమంతా మిల్లులో పొట్టులా లేచిపోయింది. పరుగెత్తి సేట్ చెయ్యి పట్టుకున్నాను.

"సేట్, పది నిమిషాలు ఓపిక పట్టండి. మూడుకు రాహుకాలం వెళ్లిపోతుంది. ఆ తర్వాత అంతా మంచి గడియే."

"సార్, మైకు" అన్నది నస్రీన్ మెల్లగా.

మైకు నా రెండో చేతిలోనే ఉంది. అదీ పనిచేస్తూ. నా ముహూర్త ప్రకటన వరండా స్పీకర్ల దాకా పోయింది.

సేట్ పెళ్లికొడుకులా వెలిగిపోతూ కూర్చున్నాడు. "గిట్ల మాట్లాడితె ఎందుకు కూసోను సార్."

నా చేతిలోని మైకు తీసుకుని నస్రీన్ వేదికెక్కింది. బూజు పట్టిన పల్లీలను యూరప్ ఓడరేవుల్లో ఎలా తిప్పి పంపుతారో చెప్పి, నేరుగా సేట్‌నే అడిగింది. "మీరు కాయలు ఎండవెట్టేది కల్లంలనా, టార్పాలిన్ మీదనా సేట్?"

"కల్లంలనే. ఏం, మా తాతలు గట్లనే ఎండవెట్టిండ్రు."

"మీ తాతలు యూరప్‌కు పంపలె గద సేట్."

సేట్ కుర్చీ ముందుకు లాక్కున్నాడు. ఇద్దరూ తేమ గురించి, గోదాముల గురించి వాదులాటకు దిగారు. "నా కంపెనీల గిట్ల నిలదీసేటోడు ఒక్కడు లేడు" అని సేట్ అంటుండగా తెర వెలిగింది.

గోడ గడియారంలో మూడున్నర. ప్రొఫెసరమ్మ చేతిలో కాఫీ, ముఖాన చిరునవ్వు. "సరిగ్గా పదకొండుకు వచ్చాను కదా?"

"గంట ఆలస్యమైంది మేడమ్" అన్నాను.

"లేదే. మొన్న ఆదివారమే మా దేశమంతా గడియారాలు గంట వెనక్కి జరిపాం. ఏటా చలికాలం ముందు జరుపుతాం. అంతర్జాతీయ వ్యాపారం చెప్పేవారు, మీకు తెలిసే ఉంటుందనుకుని వేరే చెప్పలేదు."

హాలులోని తలలన్నీ ఒక్కసారిగా నా వైపు తిరిగాయి. గంట వెనక్కి జరిగే దేశమే లేదని చాటిన మహానుభావుణ్ణి అందరూ తీరిగ్గా చూసుకున్నారు.

సంతకాలైపోయాయి. సేట్ కలం మూస్తూ, "ముందుగాల ఆ పిల్లను నా దగ్గరికి పంపున్రి" అన్నాడు. నస్రీన్ గద్వాలలో చేరింది. మొదటి వారమే కల్లం మీద టార్పాలిన్లు పరిపించింది. ఒప్పందం బ్రహ్మాండంగా నడిచింది. నాశనమైంది నేనొక్కణ్ణే.

తర్వాతి వారం నాగర్‌కర్నూలు నుంచి ఎవరో ఫోన్ చేశారు.

"సార్, మా అన్న రైస్‌మిల్లు తెరుస్తుండు. జర ఒక టైము చెప్పున్రి."

"నేను ముహూర్తాలు పెట్టను. అవన్నీ అబద్ధాలు."

"ఎరుకే సార్, గందుకే అడుగుతున్న. మీరు రాహుకాలంల పెట్టినా అది ఎట్లనో జరిగి మంచి గడియకే పడుతదంట గద. బాలయ్య సేట్ చెప్పిండు."

ఫోన్లు ఇప్పటికీ ఆగలేదు. కాబట్టి మూడు జిల్లాల ప్రజల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఏ దేశం గడియారం ఎప్పుడు ఎటు జరుగుతుందో కనుక్కోకుండా ఇక జన్మలో కాలం మీద ఉపన్యాసం ఇవ్వను. ఈ ప్రమాణం ఏ రోజు, ఏ గంటకు చేస్తున్నానో మాత్రం చెప్పను. చెప్పానంటే ఆ గడియకు మూడు పెళ్లిళ్లు ఖాయం చేసుకుంటారు.